కుప్పం వరుస

దయ్యాలు ఉన్నాయని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. కాగితం మీద చూపిస్తే తప్ప ఏదీ నమ్మని మనిషిని. నా చిక్కల్లా ఏమిటంటే, ఇది కాగితం మీదే ఉంది.

2004లో నేను మదనపల్లెలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో సూపరింటెండెంటుని. పుంగనూరులో, కుప్పంలో మాకు బ్రాంచీలు. మూడు చోట్లా కంప్యూటర్లలోకి ముందురోజు ఎవరు వచ్చారో, ఎవరు పాస్‌వర్డు తప్పు కొట్టారో రోజూ ఉదయం దానంతటదే ఒక రిపోర్టు అచ్చయ్యేది. బయటివాళ్ళు చొరబడితే తెలియాలని ఆ ఏర్పాటు. చదివి సంతకం పెట్టడం నా పని.

పద్నాలుగు పేజీలు. కరెంటు పోయిందని ఒక వరుస, వచ్చిందని ఒక వరుస, ఫోన్ లైను తెగిందని ఇరవై వరుసలు. అంత చెత్తలో అసలు దొంగ ఉన్నా కనిపించడు. అందుకని కంప్యూటర్లు చూసే పుంగనూరు మునెప్పను కూర్చోబెట్టి, ఏయే వరుసలు అచ్చు వేయనక్కర్లేదో ఒక జాబితా రాయించాను. వారం వారం తగ్గించుకుంటూ వచ్చాం. జూన్‌కు ఒక పేజీ అయింది.

అందులో రోజూ మిగిలేది కుప్పం వరుస. ఉదయం తొమ్మిదీ పది, కమల, పాస్‌వర్డు తప్పు.

కమల నా చెల్లెలు, కుప్పం బ్రాంచిలో గుమాస్తా. జనవరిలో వారానికి ఒక తప్పు. మార్చిలో రోజుకు ఒకటి. జూన్‌లో మూడు. ఫోన్ చేసి కోప్పడ్డాను.

"ఏమక్కా, చిన్నప్పుడు నా ఎక్కాలు దిద్దింది చాల్లేదా, ఇప్పుడు నా వేళ్ళు గూడా లెక్కపెడతాండావా?" అని నవ్వింది. "కీబోర్డు పాతదైపోయిండాది. కొత్తది పంపు, అప్పుడు తిట్టు."

కొత్తది పంపాను. తప్పులు నాలుగయ్యాయి. అశ్రద్ధ అనుకున్నాను. ఆ వరుస కూడా తీసెయ్యమని మునెప్పకు చెప్పాను.

"తీసేస్తే మళ్ళా కనపడదమ్మా. ఇంకొన్నాళ్ళు సూద్దామా?" అన్నాడు.

మా చెల్లెలి సంగతి నాకు తెలుసన్నాను. మర్నాటినుంచి రిపోర్టులో ఆ వరుస లేదు. సంతోషించాను కూడా.

అక్టోబరులో కమల కుడిచేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. తలలో గడ్డ అన్నారు. చెయ్యి ఎప్పటినుంచి ఇలా ఉందని డాక్టరు అడిగితే ఆమె భర్త తెలియదన్నాడు. ఎప్పటినుంచన్నది నా బీరువాలో, నేను సంతకం పెట్టిన రిపోర్టుల్లో తేదీలతో సహా ఉంది. నాలుగు నెలలు ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు.

నవంబరు చివర కమల పోయింది.

పెద్దకర్మ అయ్యాక ఆఫీసుకు వెళ్ళాను. ఆ ఉదయం రిపోర్టు అడుగున ఒక వరుస ఉంది. కుప్పం, తొమ్మిదీ పది, కమల, పాస్‌వర్డు తప్పు, నాలుగు సార్లు.

మునెప్పను పిలిపించాను. కమల పేరును కంప్యూటరులోంచి అప్పటికే తీసేశారు. కుప్పంలో ఆమె మిషనుకు ప్లగ్గు పీకి గుడ్డ కప్పారు. పైగా, ఆ వరుస అచ్చు వేయకూడదన్న మా ఆదేశం జాబితాలో అలాగే ఉంది. అతను అసలు రికార్డు తెరిచి మొదటినుంచి చివరిదాకా చూశాడు.

"రికార్డులో ఈ వరుసే లేదమ్మా. లేనిదాన్ని ప్రింటరు యాడనుంచి తెచ్చుండాది?"

మర్నాడు మూడు సార్లు. ఆ మర్నాడు రెండు. తరువాత ఒకటి.

ఐదో రోజు: కుప్పం, తొమ్మిదీ పది, కమల. తప్పులు లేవు. మొదటిసారికే లోపలికి వచ్చింది.

ఆరో రోజు ఏమీ లేదు. ఆ తరువాత ఎన్నడూ రాలేదు.

కుప్పం వరుసను దాచే ఆదేశాన్ని ఆ రోజే తీయించాను. రిటైరయ్యేదాకా, కుప్పంలో ఎవరు రెండుసార్లు తప్పు కొట్టినా ఫోన్ చేసి, చెయ్యి బాగుందా అని అడిగేదాన్ని. "బాగుండాది లేమ్మా, మీరు డాక్టరు కావాల్సినోళ్ళు!" అని కొత్త గుమాస్తా నవ్వేది.

ఆ ఐదు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. కళ్ళారా చూశానని ప్రతిదాని వెనక మునెప్ప చేత రాయించాను. ప్రింటరు లోపమని ఒకరన్నారు. లోపమైతే నేను ఆపించిన నాలుగు దగ్గరే మొదలై, రోజుకొకటి చొప్పున ఎలా తగ్గిందో ఆయన చెప్పలేకపోయాడు. నాకూ తెలియదు.

నాలుగింటి మీద చదివినట్టు సంతకం పెట్టాను. ఐదోదాని మీద ఇంతవరకూ పెట్టలేదు.