వావిలాకు నీళ్ళు

వావిలాకు వాసన నాకు మొదటినుంచీ పడదు. ఘాటుగా ముక్కులోంచి నేరుగా నడినెత్తికి ఎక్కుతుంది. మా అత్తమ్మకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, ప్రాణం లేచివస్తుంది. కొత్తగూడలోని మా ఫ్లాట్‌లో ఆమెకూ నాకూ జరిగిన గొడవల్లో సగం ఈ ఆకు గురించే.

ఆమె పుట్టిందీ మెట్టిందీ నార్సింగిలోనే. ఇప్పుడక్కడ ఎటు చూసినా టవర్లే గానీ, ఏ కాలువ గట్టున వావిలి పొద మిగిలిందో ఆమెకు తెలుసు. నెలకోసారి ఆటో ఎక్కి వెళ్ళి సంచి నింపుకొచ్చేది. ఒక్కో ఆకూ ఐదు వేళ్ళుగా విచ్చుకుని, పైన పచ్చగా, వెనక బూడిద రంగులో ఉంటుంది. జలుబు చేస్తే నీళ్ళలో మరిగించి ఆవిరి పట్టించేది. తలనొప్పి అంటే దిండు కింద గుప్పెడు పెట్టేది. తన మోకాళ్ళు వాచినప్పుడు ఆకు వేడిచేసి కట్టు కట్టుకునేది. ఎండిన ఆకు బియ్యం డబ్బాలోకి పోయేది, పురుగు పట్టకుండా. ఒకసారి దోమలకని పొగ కూడా వేసింది. అలారం మోగి సెక్యూరిటీ వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె తాపీగా, "మంచి పొగేదో చెడ్డ పొగేదో ఆ మిషన్‌కేం తెలుస్తది పాపం" అంది.

మాది కడప వైపు. నేను ఇంటర్ చదువుతుండగానే మా అమ్మ పోయింది. అందుకే తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే మాటే రాలేదు. నాకు ఏడో నెల రాగానే అత్తమ్మ బాలింత స్నానం సంగతి ఎత్తుకుంది. ఒకప్పుడు వాళ్ళ ఊళ్ళో ఎవరు ప్రసవించినా తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోయడానికి ఆమెనే పిలిచేవారట.

"వావిలాకు నీళ్ళు నడుము మీద పడాలె బిడ్డా. పచ్చి ఒళ్ళు గట్టిపడ్తది, నొప్పులు గుంజేస్తది. లేకుంటే రేపు నా లెక్క మూలుగుతవ్."

"మా ఆఫీసులో ఎవరూ ఆకులతో స్నానం చేయలేదు అత్తమ్మా. అందరూ బాగానే నడుస్తున్నారు."

"నడుస్తున్నరా, కుర్చీలల్ల కూసుంటున్నరా?"

ఒక ఆదివారం బాత్రూంలో పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. కాళ్ళు చాపమంది. తువ్వాలు చుట్టి, బిడ్డ అనుకొమ్మని నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. తల పాదాల వైపు ఉండాలట. నీళ్ళు చెంబులోంచి నేరుగా పడకూడదు, మన అరచేతి మీంచి జారాలి. కళ్ళలోకి పోకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టాలి. తల్లికి పోయడం మొదలుపెట్టే ముందే బిడ్డ నీళ్ళు చిన్న గిన్నెలో విడిగా తీసి మూతపెట్టాలి. తల్లి స్నానం అయ్యేసరికి అవి గోరువెచ్చగా అవుతాయి. అప్పుడు మోచెయ్యి ముంచి చూసుకోవాలి. నేను నవ్వాపుకోలేక తువ్వాలును జారవిడిచాను. "పోరిని కింద పడేస్తివి గద!" అని అత్తమ్మ నా వీపు మీద చరిచింది. పోరి అనే అంది. ఆడపిల్లే పుడుతుందని ఆమె నమ్మకం.

ఆడపిల్లే పుట్టింది.

తొమ్మిదో నెలలో, మాదాపూర్‌లో ఆఫీసు మీటింగ్ మధ్యలో, పొద్దుటినుంచీ పాప కదల్లేదని గుర్తొచ్చింది. అంతసేపు ఎలా మర్చిపోయాను? నా తప్పేమీ లేదని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. నేను ఒక్కసారి కూడా నమ్మలేదు. మర్నాడు కాన్పు చేశారు. ఒత్తైన జుట్టు. కళ్ళు మూసుకునే ఉంది.

మూడో రోజు ఇంటికి వచ్చాను. తలుపు తీయగానే వావిలాకు వాసన. నేను ఆసుపత్రికి వెళ్ళక ముందే కోసి తెచ్చి, తడిగుడ్డ చుట్టి ఉంచిన సంచి వంటింటి గడప దగ్గర ఉంది.

"ఎవరికోసం ఇది? పారేయండి!" అని అరిచాను. అత్తమ్మ సంచి తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

పది రోజుల్లో పనిలో చేరతానని మేనేజర్‌కు మెయిల్ పెట్టాను. ఇంట్లో ఎవరూ బాలింత అన్న మాట ఎత్తకూడదన్నాను. ఫోన్ చేసిన వాళ్ళంతా ఒకటే పాట: మర్చిపో, చిన్న వయసు, ఇంకొకరు పుడతారు. సరే, మర్చిపోదామనే లాప్‌టాప్ తెరిచాను. అప్పుడే పాలు పడ్డాయి. చొక్కా తడిసిపోయింది. నా మాట ఎవరు విన్నా వినకపోయినా నా ఒళ్ళు మాత్రం వినలేదు. ఆ ఒంటి మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు.

ఐదో రోజు పొద్దున మంచం మీంచి లేవలేకపోయాను. నడుము విరిగిపోతున్నట్టుంది. అత్తమ్మ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"బిడ్డ లేదని కాన్పు కాలేదంటవా? తొమ్మిది నెలలు మోసినవ్. కన్నవ్. నువ్వు బాలింతవే బిడ్డా. లే, జర నీళ్ళు పోయించుకో."

కన్నావని నాతో అన్న మొదటి మనిషి ఆమె. అంతవరకూ అందరూ ఏదో జరిగిపోయిందనే అన్నారు. నేను లేచాను.

పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. ఆకులు నల్లబడి, నీళ్ళు ముదురు రంగుకు తిరిగాయి. మా ఆయన గిన్నె మోసుకొచ్చి బాత్రూంలో పెట్టి, నా ముఖం చూడలేక వెళ్ళిపోయాడు. పీట మీద కూర్చున్నాను. అత్తమ్మ చన్నీళ్ళు కలిపి, చెంబుతో ముంచి నడుము మీద ధారగా పోసింది. ఇంకో చేత్తో ఉడికిన ఆకు పట్టుకుని వెన్ను పొడవునా రుద్దింది. ఆ సుఖం ఆకుదో వేడిదో నాకు తెలియదు. నడుములో బిగుసుకున్నది మెల్లగా వదులైంది. ఆ వాసన మధ్యలో మొదటిసారి గొంతెత్తి ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు, పోస్తూనే ఉంది.

తల ఎత్తితే తలుపు పక్కన చిన్న గిన్నె కనిపించింది. మూత పెట్టి ఉంది.

నేను చూడటం అత్తమ్మ చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"అలవాటుల తీసిపెట్టిన బిడ్డా... నా చేతులు పడిపోను" అంటూ ఆ గిన్నె అందుకుని, తూము వైపు వంచబోయింది.

"వద్దత్తమ్మా, పారబోయొద్దు."

పీట మీద సర్దుకుని, ఆమె నేర్పినట్టే కాళ్ళు రెండూ దగ్గరగా చాపాను. అత్తమ్మ నా కాళ్ళ వంక చూసింది. తర్వాత కింద కూర్చుని, నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసుకుంది. ఖాళీ కాళ్ళ మీద అరచేతి మీంచి కొంచెం కొంచెంగా జారవిడిచింది. నా పాదాల దగ్గరికి వచ్చేసరికి, కళ్ళలో నీళ్ళు పడకుండా, నుదురు ఉండాల్సిన చోట చెయ్యి అడ్డం పెట్టింది.