వదిన షూ

మాది దివిసీమ. బురదలో ఊడిపోతాయని చెప్పులైనా, షూ అయినా బిగుతుగా చూసి కొనడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నిరుడు అరకు వైపు కొండ ఎక్కాలనుకుని, గుడివాడలో ట్రెకింగ్ షూ కొన్నప్పుడూ అలాగే చేశాను. మా వదిన మాత్రం ఒక సైజు పెద్దవి తీసుకుంది.

"పడవలు కొన్నావేంటి వదినా!" అని ఆటపట్టించాను.

"దిగేటప్పుడు వేళ్లకి చోటుండాలంటమ్మా" అంది.

ఎక్కడం బాగానే సాగింది. రాళ్ల మీద దిగేటప్పుడు అసలు సంగతి తెలిసింది. అడుగేసినప్పుడల్లా బొటనవేళ్లు షూ ముందుభాగానికి గుద్దుకుని ప్రాణం పోయినంత పనైంది. సగం దారిలో బండ మీద కూలబడి, తోటి ట్రెకర్లందరి ముందూ ఏడ్చేశాను.

వదిన తన షూ విప్పి నా ముందు పెట్టింది. "ఇవి వేసుకో. నా పాదం చిన్నదిలే, నీవి నాకు సరిపోతాయి."

నమ్మి వేసుకుని, హాయిగా దిగాను.

కిందికొచ్చాక టీ బండి దగ్గర ఆమె సాక్స్ తీసింది. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి ఉన్నాయి.

"అబద్ధం చెప్పావా వదినా?"

"నిజం చెబితే వేసుకునేదానివా?" అంటూ టీ ఊదుకుంది.

ఇప్పుడు షూ కొంటే ముందు వేలెడు ఖాళీ ఉందో లేదో చూస్తాను. వదినకి కొత్త గోళ్లు వచ్చేశాయి. ఆ నొప్పి నాకే ఇంకా తగ్గలేదు.