బాషా మూర

కన్నడ నాట, నగర్తపేటలో పూలమ్మేవాళ్ళు ఎంతమంది ఉన్నా, మూర అనేసరికి ఒక్కడి పేరే చెప్పేవాళ్ళు. కన్నడం వాళ్ళు మొళ అంటారు, అరవం వాళ్ళు ముళం అంటారు, మనం మూర అంటాం. ఏ పేరు పెట్టినా అది మోచేతి ఎముక నుంచి నడిమివేలి కొస దాకా ఉండే పొడవే. చిక్కల్లా ఆ చెయ్యి ఎవరిదన్న దగ్గర వస్తుంది. కొందరి చేతులు పొద్దున ఒక పొడవుంటాయి, పండగ నాటి సాయంత్రం ఇంకో పొడవుంటాయి. మోచేతి దగ్గర పట్టాల్సిన దారాన్ని నాలుగు వేళ్ళు ముందుకు జరిపి పట్టడం, కొసకొచ్చేసరికి వేళ్ళు ముడవడం, మాటల్లో పెట్టి చటుక్కున కత్తిరించడం, ఇవన్నీ నేర్చిన చేతులు ఆ బజారులో చాలానే ఉన్నాయి. మహబూబ్ బాషా చెయ్యి అలాంటిది కాదు.

బాషా మనిషే పొడుగు, చేతులు ఇంకా పొడుగు. పైగా దారం వేలి కొస దాటాక ఇంకాస్త వదిలి కత్తిరించేవాడు. అది కొసరు. అడిగితే ఇచ్చేది కాదు, అడక్కముందే ఇచ్చేది. కదిరిలో దూది ఏకుకుని బతికిన వాళ్ళ నాయన, "తూచేటప్పుడు రవంత మొగ్గు చూపించి ఇయ్యమన్నారప్పా మన ప్రవక్త" అని చిన్నప్పుడు చెప్పిన మాట అతని చేతిలోకి దిగిపోయింది. ఇక దాన్ని గురించి అతను ఆలోచించింది లేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మసీదులో ఉర్దూ ఉపన్యాసం సగం అర్థమయ్యేది, మిగతా సగానికి అందరితో పాటు తలూపేవాడు.

బేరంలో అంత ధారాళమైన మనిషికి నమాజు దగ్గరకు వచ్చేసరికి ఎక్కడలేని పొదుపు పుట్టుకొచ్చేది. అసర్ నమాజు వేళ అంటే సాయంత్రం పూలు అమ్ముడుపోయే వేళ. బండి మీద మల్లెలు వదిలి మసీదుకు పరుగెత్తేవాడు, నడుము వంచీ వంచకముందే లేచేవాడు, నుదురు నేలకు తగిలీ తగలకముందే ఎత్తేవాడు. ఆ మసీదు ఇమాము కూడా కదిరి వైపు మనిషే. ఒకనాడు గుమ్మం దగ్గర పట్టుకున్నాడు.

"ప్రవక్త కాలంలో ఒకాయన ఇట్లనే గబగబా నమాజు చేసి లేచె. ‘తిరిగి పోయి చెయ్యి, నువ్వు చెయ్యనేలేదు’ అన్నారు ప్రవక్త. ఆయన మళ్ళా అట్లనే చేసె. మళ్ళా అదే మాట. మూడుసార్లప్పా! నిన్ను చూస్తే నాకు ఆ మాటే జ్ఞాపకమొస్తాది బాషా. వంగితే వంగినట్ల నిలవల్ల, లేస్తే లేచినట్ల నిలవల్ల. నువ్వు చేసేది సజ్దానా, కోడి గింజలేరేదా?"

"పూలు వాడిపోతాయి హజరత్," అని నవ్వేసి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బండి దగ్గరకు పరుగెత్తాడు బాషా. అలాగే ముప్పై ఏళ్ళు గడిచాయి.

పోయిన వానాకాలంలో ఒక తెల్లవారుజామున, సిటీ మార్కెట్లో సరుకు ఎత్తుకుని వస్తూ కుళ్ళిన చేమంతి చెత్త మీద కాలు జారి పడ్డాడు. కుడి మోచెయ్యి మూడు ముక్కలైంది. డాక్టర్లు కోసి, లోపల ఇనుపరేకు పెట్టి, కుట్టారు. చెయ్యి ఇక పూర్తిగా చాపుకోదు, పూర్తిగా మడుచుకోదు. దాని మీద బరువు మోపకూడదన్నారు. పూలమ్మే మనిషికి కత్తెర పట్టే చెయ్యి, కొలిచే చెయ్యి రెండూ కావాలి కాబట్టి బండి దగ్గర అతని భార్య మాబున్నీ కూర్చుంది.

మాబున్నీకి ఆ పని కొత్త కాదు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో పూలు కట్టి పంపింది ఆమే. ఆమె కట్టిన కాకడా మల్లెలు దారం తెగినా రాలవు. బేరంలో నోరు కూడా చక్కగా ఆడుతుంది. ఆమె కూర్చున్నాక అమ్మకం తగ్గలేదు సరికదా, సాయంత్రానికి మిగిలే పూలు కూడా మిగలడం మానేశాయి. బాషా పక్కన స్టూలు మీద కూర్చుని నీళ్ళు చల్లుతూ ఉండేవాడు.

మసీదులో అతనికి వేరే బెంగ పట్టుకుంది. సజ్దాలో ఏడు నేలకు ఆనాలి: నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్ళు, రెండు పాదాల వేళ్ళు. అతనికి ఆరే ఆనుతున్నాయి. కుడి అరచెయ్యి గాలిలో వేలాడుతూ ఉండేది. సిగ్గుపడుతూ ఇమామును అడిగాడు.

"ఆనని చేతిని అల్లా అడగడు," అన్నాడాయన. "ఎంతకు వంగగలిగితే అంతకు వంగు. అది నిండు నమాజే."

బాషాకు ఒంటి చేత్తో దిగడానికీ లేవడానికీ చాలాసేపు పట్టేది. దాంతో పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతని నమాజు నిదానంగా సాగింది, చదివేది చెవులకు వినబడింది. ఇమాము ముప్పై ఏళ్ళు చెప్పి చేయించలేని పని ఇనుపరేకు చేసిపెట్టింది.

ఇలా అంతా కుదుటపడిందనుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున పిల్లమ్మ వచ్చింది. వెనక సందులో ఆమె ఇల్లు. తాతల నాటి నుంచి ఆ పేటలోనే ఉన్న తెలుగు వాళ్ళు. రోజూ దేవుడి పటానికి ఒక మూర కాకడాలు తీసుకుపోతుంది. బాషా బండి పెట్టిన మొదటి ఏడు నుంచీ ఈ లెక్క తప్పలేదు. మాబున్నీ కొలిచి ఇచ్చింది. పిల్లమ్మ పూలు ఆకులో చుట్టుకుంటూ బాషాను పలకరించింది.

"చెయ్యి ఎట్లుండాదప్పా?"

"ఇట్లుండాది అక్కా. పటం బాగుండాదా?" అని నవ్వాడు బాషా. రోజూ అడిగే మాటే.

"పటానికేమి, బాగనే ఉండాది. మేకే జరిగుండాదో ఏమో, నడమ కొన్నాళ్ళు మాల చాలకుండా పాయ. ఈ మేకు నుంచి ఆ మేకుకు సరిగ్గా అందేది కదా, అందలేదు. సరే, గోడ పాతదైపాయ అనుకొని, మేకు పీకి నేనే గుండురాయితో రవంత ఇవతలికి కొడితి. ఇప్పుడు సరిపోతాది."

పిల్లమ్మ వెళ్ళిపోయింది. బాషా చేతిలో నీళ్ళ చెంబు అలాగే ఉండిపోయింది. ఆ మనిషికి గోడ మీద అనుమానం వచ్చింది, మేకు మీద అనుమానం వచ్చింది. తన మూర మీద మాత్రం రాలేదు. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదనుకున్నాడు.

మాబున్నీ చెయ్యి చూశాడు. పొట్టి మనిషి, పొట్టి చెయ్యి. మోచేతి ఎముక దగ్గరే పడుతోంది, వేలి కొస దాకా వదులుతోంది. దాంట్లో దొంగతనం రవ్వంత కూడా లేదు. అయినా మూర మూడు వేళ్ళు తక్కువ. నాలుగు నెలలుగా తక్కువ. దీన్ని ఇవాళే తేల్చాలి అనుకుని మధ్యాహ్నం నమాజు కాగానే ఇమాము ముందు కూర్చుని జరిగింది చెప్పాడు.

"ఎవురి చెయ్యి వాళ్ళకి మూర కదా హజరత్. ఆమె మోసం చేయలేదే?"

"చేయలేదు. కొత్తగా అంగడి పెట్టింటే మాబున్నీ చెయ్యే మాబున్నీ మూర. మీ బండి కాడికొచ్చి జనం ఏమడుగుతారు?"

"బాషా మూర అంటారు."

"అయితే అదే ఇయ్యల్ల. లేదంటే ‘ఇది ఆ మూర కాదు’ అని చెప్పి ఇయ్యల్ల. ధర పెంచినా తప్పులేదప్పా, నోటితో చెప్పి పెంచు. చెప్పకుండా చేతిలో తగ్గించేదే తప్పు."

"నా సజ్దాలో ఒక చెయ్యి తక్కువైతే అల్లా ఒప్పుకుంటాడంటిరే?"

"అది ఆయన హక్కు. తన హక్కులో తక్కువైతే ఆయనే మాఫీ చేసుకుంటాడు. పిల్లమ్మ హక్కులో తక్కువైతే అల్లా చేయడు, పిల్లమ్మే చేయల్ల. పోయి ఆమెను అడుగు." ఇమాము నవ్వాడు. "తిరిగి పోయి చెయ్యి బాషా. నువ్వు చెయ్యనేలేదు."

ఈసారి బాషా నవ్వలేదు. చెప్పులు నెమ్మదిగా తొడుక్కుని నేరుగా చెన్నరాయప్ప దగ్గరకు పోయాడు. చెన్నరాయప్ప పటాలకు చట్రాలు చేస్తాడు. బాషా తన ఎడమ చెయ్యి బల్ల మీద చాపి, మోచేతి ఎముక నుంచి వేలి కొసకు సరిగ్గా టేకు బద్ద కోయమన్నాడు. "చెయ్యి పోతే చెయ్యి చేయించుకునేది నిన్నే చూస్తినప్పా," అని చెన్నరాయప్ప నవ్వుతూ కోసి, ఉప్పుకాగితం పట్టి ఇచ్చాడు.

బద్ద చూసి మాబున్నీ భగ్గుమంది.

"ఏందయ్యా ఇది? నా చెయ్యి దొంగ చెయ్యా? ముప్పై ఏండ్లు ఈ చేత్తోనే కట్టిస్తి, అప్పుడు కానరాలేదా? పూల ధర చూస్తాండావా? మూరకు మూడు వేళ్ళు ఎక్కువిస్తే పూటకెన్ని మూరలు పోతాయి? ఎవురన్నా అడిగినారా, తక్కువుండాదని?"

"అడగలేదు. అదే నాకు నిద్ర పట్టనీదు," అన్నాడు బాషా. "నీ చెయ్యి దొంగ చెయ్యి కాదే. నా పేరుతో అమ్ముతాండాము కదా, నా పేరు పొడుగుండల్ల. అంతే. చెప్పి ధర పెంచుదాం. పోయేవాళ్ళు పోనీ."

"పోతే ఏం తినేది?"

"మిగిలినోళ్ళతో వచ్చేది తిందాం."

అతని మాటలో కోపం లేదు. వెనక్కి తగ్గే ఉద్దేశం కూడా లేదు. మాబున్నీ పూలబుట్ట విసురుగా పక్కకు లాగింది.

మర్నాడు పొద్దున బాషా బద్ద చంకలో పెట్టుకుని పిల్లమ్మ ఇంటికి వెళ్ళాడు. గడప దగ్గరే నిలబడి జరిగింది చెప్పాడు. నాలుగు నెలలు మూడు వేళ్ళు తక్కువ ఇచ్చామన్నాడు, మాఫీ చేయమన్నాడు. పిల్లమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"దీనికా గడప దాకా వచ్చినావు? పూలకు మాఫీ ఏందప్పా! లోపలికి రా."

పటానికి పైన గోడకు రెండు మేకులున్నాయి. కుడి మేకుకు కాస్త అవతల పాత మేకు ఊడిన చిల్లు, చుట్టూ పెచ్చు లేచిన సున్నం. బాషా బద్దను ఎడమ మేకుకు ఆనించి పట్టాడు. దాని కొస కొత్త మేకు దాటింది. చిల్లు దాకా మాత్రం పోలేదు. రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది.

బాషా మళ్ళీ పట్టాడు. మళ్ళీ అంతే. చెయ్యి కొలత తప్పలేదు, బద్ద తప్పలేదు. ఆ రెండు వేళ్ళు ఏమిటో అతనికి తట్టడానికి కొంచెం సేపు పట్టింది. అది కొసరు. వేలి కొస దాటాక తాను లెక్కచూడకుండా వదిలిన దారం. ముప్పై ఏళ్ళు రోజూ వచ్చి ఈ గోడ మీద కూర్చుంది.

పిల్లమ్మకూ తెలిసింది. "అది నువ్వు సుమ్నే, ఊరికే ఇచ్చింది కదప్పా. దానికి లెక్కేంది? ఈ కట్టె చాలు."

చాలు నిజానికి. ఇమామును అడిగినా చాలుననే అంటాడు. కొసరు దానమే కానీ హక్కు కాదు. బాషా ఆ చిల్లునే చూస్తూ నిలబడ్డాడు. సుమ్నే ఇచ్చిందే. కానీ ఆమె దాన్ని నమ్మి మేకు కొట్టుకుంది.

"గుండురాయి యాడుందక్కా?" అన్నాడు.

ఇవతలి మేకు పీకి, పాత చిల్లులో పెట్టి, ఎడమ చేత్తో కొట్టాడు. అలవాటు లేని చెయ్యి, రెండు దెబ్బలు గోడకు తగిలాయి, ఒకటి వేలికి తగిలింది. నాలుగో దెబ్బకు మేకు దిగింది. ఆ మేకు నుంచి ఈ మేకుకు దారం బిగించి కొలుచుకుని, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, చెన్నరాయప్ప దగ్గర రెండో బద్ద కోయించాడు. మొదటిదాన్ని అక్కడే చెక్కపొట్టులో పడేశాడు.

ఆ సాయంత్రం నుంచి బండి మీద కొత్త బద్ద. వచ్చిన ప్రతివాళ్ళకూ బాషా తానే చెప్పాడు: మూర ఐదు రూపాయలు పెరిగింది, నాలుగు నెలలుగా మూర పొట్టిదైంది, ఇక ఇదే కొలత, పాత తక్కువకు మాఫీ చేయండి. కొందరు నవ్వారు. కొందరు పక్క బండికి పోయారు. ఎన్నడూ కొలత చూడని ఒకావిడ బద్ద తీసుకుని తన చేతికి ఆనించి చూసుకుంది. బాషా అందరికీ అదే మాట, అదే గొంతుతో చెప్పాడు. అసర్ అజాన్ వినబడగానే లేచి వెళ్ళి, పూలు వాడితే వాడనీ అనుకుని, ఆరు నేలకు ఆనించి, ఒకటి గాలిలో ఉంచి, నిండుగా నమాజు చేసుకుని వచ్చాడు.

తిరిగొచ్చేసరికి, పొద్దున పూలకు రాని పిల్లమ్మ బండి దగ్గరుంది. మాబున్నీ ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. బద్ద మొదట్లో దారం పట్టి, కొస దాకా లాగి, కత్తెర తీసింది. తీసి, ఆగింది. దారాన్ని బద్ద దాటించి ఇంకో రెండు వేళ్ళు వదిలి, అప్పుడు కత్తిరించింది.

"అదేందే, కట్టె అయిపాయ కదా?" అన్నాడు బాషా.

"ఆ కట్టె నీది," అంది మాబున్నీ పూలు ఆకులో చుడుతూ. "ఈ రెండు వేళ్ళు నావి."