కరెంటు వచ్చిన క్షణం

మేము బర్మాలో, యాంగోన్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్లం. రెండేళ్ల క్రితం మా అన్నయ్య అప్పన్న, నేను ఒకే నూడుల్స్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. అన్నయ్య మెకానిక్, నేను ప్యాకింగ్‌లో.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇక్కడ అది రోజూ ఉండేదే. ఆగిన మిషను రోలర్లకు పట్టుకుపోయిన పిండిని అన్నయ్య గీకి తీస్తున్నాడు. నేను పక్కన నిలబడి కబుర్లు చెబుతున్నాను. ఉన్నట్టుండి లైట్లు వెలిగాయి. మిషను కదిలింది. అన్నయ్య కుడిచెయ్యి రోలర్ల మధ్యకు వెళ్లిపోయింది!

ఎర్ర బటన్ ఎలా నొక్కానో ఇప్పటికీ గుర్తు లేదు. మిషను ఆగింది గానీ చెయ్యి అందులోనే ఉండిపోయింది. భయంతో అన్నయ్య భుజం పట్టుకుని లాగబోయాను.

"లాగొద్దే! బెల్టు ఎనక్కి తిప్పమను!" అని అరిచాడు.

"కో అప్పన్నా!" అని, బర్మీస్‌లో అన్నా అని పిలిచినట్టు, అరుస్తూ తోటి బర్మా పనివాళ్లు పరుగెత్తుకొచ్చి రోలర్లను తిప్పే బెల్టును చేత్తో వెనక్కి తిప్పారు. బయటికి వచ్చిన చేతి నిండా పిండీ రక్తమూ. వేళ్లు ఎన్ని ఉన్నాయో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆసుపత్రికి వెళ్తుంటే టాక్సీలో అన్నయ్య నా ఒళ్లో తల పెట్టుకుని, "కరెంటు నేదు గదాని మెయిన్ స్విచ్ ఆపనేదే నాను. అమ్మకి ఏటి సెప్తావు?" అన్నాడు.

రెండు వేళ్లు తీసేశారు. గాయం మానాక అన్నయ్య ఎడమచేత్తో స్పానర్ పట్టడం నేర్చుకుని మళ్లీ పనిలోకి వెళ్లాడు. నేను మాత్రం ఆ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. ఇప్పటికీ కరెంటు రాగానే వీధిలో పిల్లలంతా కేరింతలు కొడుతుంటే, నా చేతులు చప్పున వెనక్కి వెళ్లిపోతాయి.