దాలమ్మ వీపు మీద కంచుపళ్ళెం

ఖిదిర్‌పూర్ ఓడరేవు క్వార్టర్లలో మా పక్కింటి దాలమ్మ ఎవరినీ నమ్మదు. పాలవాడి పాలలో వేలు ముంచి చూస్తుంది. బస్సులో కండక్టరు స్టాపు పేరు చెప్పినా ఇంకొకరిని అడిగిగానీ దిగదు. అనుమానం పెనుభూతమని ఆమె మొహం మీదే ఎన్నోసార్లు అన్నాను. ఇప్పుడు అనను.

వాళ్ళ పెంపుడు కుక్క రెండు రోజులుగా మంచం కింద నక్కింది. చొంగ కారుతోంది, కింది దవడ వేలాడుతోంది, అరుపు బొంగురుపోయింది. గొంతులో ఎముక అడ్డం పడిందనుకుని ఆమె భర్త కూర్మయ్య దాని నోట్లో చెయ్యిపెట్టి వెతికాడు. ఎముక దొరకలేదుగానీ వేళ్ళకు పళ్ళు గీసుకున్నాయి.

"కరవనేదు గదా, ఏటవుద్ది? మన కూడు తిన్న కుక్కే," అన్నాడు.

దాలమ్మ నమ్మలేదు. కుక్కను గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. సబ్బు రాసి, కుళాయి కింద పావుగంటసేపు అతని చెయ్యి కడిగించింది. ఆసుపత్రికి పదమంటే సూదికి జడిసి కూర్మయ్య మంత్రాలేసే ఓఝా దగ్గరికి నడిచాడు. వెంట దాలమ్మా నేనూ వెళ్ళాం. ఒంట్లో విషముంటే మంత్రించిన కంచుపళ్ళెం వీపుకి అంటుకుంటుందని ఇక్కడ చాలామంది నమ్మకం.

కూర్మయ్య తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు. ఓఝా ఆనించిన పళ్ళెం జారిపడింది.

"విషం లేదు దాదా, వెళ్ళండి."

కూర్మయ్య నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

దాలమ్మ ముందుకొచ్చి ఓఝా వైపు వీపు తిప్పి కూర్చుంది. "నాకూ పెట్టు."

"నీకేమీ కాలేదు కదా, దీదీ?"

"అందుకే పెట్టు."

చెమట పట్టిన వీపుకి పళ్ళెం బల్లిలా అతుక్కుంది.

"నాకుందేటి మరి విసం? మాయన తుడుసుకున్నాడు, నాను తుడుసుకోనేదు. అంతే," అంది.

గంటలో ఆసుపత్రిలో ఉన్నాం. కుక్కకు టీకా వేయించారా అని డాక్టరు అడిగితే మొగుడూ పెళ్ళాం తల దించుకున్నారు. గీరుకున్నచోటే ఒక మందు, జబ్బకి టీకా ఇచ్చారు. "కుక్కకు పిచ్చెక్కి ఉంటే, చొంగ తగిలిన గీత చాలు. నీళ్ళు మింగలేని దశ వచ్చాక మేమేమీ చెయ్యలేం," అన్నాడు డాక్టరు.

మూడోనాడు కుక్క చచ్చిపోయింది. చివరి సూది ఎగ్గొడతానన్న కూర్మయ్యను దాలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఇక భయం లేదని డాక్టరు చెప్పాడు. ఆ మాటా ఆమె నమ్మలేదు. రోజూ పొద్దున్నే అతనికి గ్లాసుడు నీళ్ళిచ్చి ఎదురుగా నిలబడుతుంది.

"ఏటే, అలా సూత్తావు?"

"ఏటీ నేదు. తాగు."

అతను మింగుతాడు. అప్పుడామె చెంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి పోతుంది.