దైవాధీనం సరిచేసిన ఓడ

నేవీ పెన్షన్ తీసుకుంటూ బందరులో కాలు మీద కాలేసుకుని కూర్చోవాల్సిన మనిషి దైవాధీనం. అలాంటిది రెండు వేల ఒకటో సంవత్సరం వేసవంతా ఒక ప్లాస్టిక్ ఓడతో కుస్తీ పట్టాడు. తాను పనిచేసిన యుద్ధనౌకకు చిన్న నమూనా అది. డబ్బాలో ముక్కలుగా వస్తుంది, మనమే అతికించుకోవాలి. విశాఖలో ఉన్న మేనల్లుడు పంపాడు.

సరదాకైతే ఎలా ఉన్నా చెల్లేది. కానీ అది శివరామయ్య కోసం. ఆ ఓడలో పక్క మంచం మీద పడుకున్న గుడివాడ స్నేహితుడతను. నీటికాసులతో చూపు పూర్తిగా పోయింది. మన ఓడను ఇంకొక్కసారి చూడాలనుందని ఫోనులో అన్నాడు. చూసేది వేళ్లతోనే కాబట్టి రంగు పూసి మాయ చేయడం కుదరదు, ఆకారం ఉన్నదున్నట్టు రావాలి.

ఆ ఆకారమే తేడాగా తోచింది దైవాధీనానికి. ఓడ ముందుకొస, అదే ముక్కు, మరీ సన్నగా, బోసిగా ఉంది. వీళ్లెప్పుడైనా ఓడ ముఖం చూశారా అని కంపెనీవాళ్లను తిట్టుకుంటూ ప్లాస్టిక్ రేకులు అతికించాడు, పుట్టీ పెట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు, మళ్లీ పెట్టాడు. ముక్కు కింద చిన్న ఉబ్బు వచ్చి, కొస కాస్త పైకి లేచాక గాని అతని ప్రాణం కుదుటపడలేదు. ఆ పుట్టీ కంపు భరించలేక భార్య రత్నకుమారి వంట పెరట్లోకి మార్చేసింది.

శివరామయ్య వచ్చాడు. ఓడను ఒళ్లో పెట్టుకుని, ఫిరంగినీ పొగగొట్టాన్నీ పేరుపేరునా పలకరిస్తూ వెనక నుంచి ముందుకు తడుముకుంటూ వెళ్లాడు. ముక్కు దగ్గర వేళ్లు ఆగిపోయాయి. పైకీ కిందికీ మళ్లీ మళ్లీ తడిమాడు.

"ఒరేయ్, ఇది మన ఓడ ముక్కు కాదు. మీ నాన్న పడవది."

హంసలదీవిలో దైవాధీనం నాన్న తన పడవకు అలాగే ఉబ్బు పెట్టుకున్నాడు, కృష్ణ సముద్రంలో కలిసేచోట అలలకు తల వంచకుండా. చుట్టుపక్కల ఇంకెవరూ అలా పెట్టేవారు కాదు. సెలవుల్లో వచ్చినప్పుడు శివరామయ్యా అందులో ఎక్కాడు. డెబ్బై ఏడు ఉప్పెనలో నాన్న పోయాడు, పడవా పోయింది. ఒక్క చెక్క దొరకలేదు. అప్పుడు దైవాధీనం ఓడలో, ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు. ఇన్నాళ్లూ తాను చేస్తున్నది నాన్న పడవ ముక్కేనని అతనికి ఇప్పుడుగాని తెలియలేదు.

పాపం శివరామయ్య అడిగింది ఓడ. అది కావాలంటే ఆ ముక్కు కోసెయ్యాలి.

"నీకు ఇంకోటి తెప్పించి చేసిస్తాన్రా," అన్నాడు దైవాధీనం, చేతులు చాపి. "దీన్ని మాత్రం నాకిచ్చెయ్."