అచ్చం నీ కొలతే

చర్చి వెనక గదిలో శనివారం శనివారం ఇరుగుపొరుగుకు బట్టలు పంచే ముసలి టైలరును అందరూ టేపు తాత అంటారు. ప్రార్థనకు మోకరించినప్పుడు కూడా ఆయన మెడలో టేపు వేలాడాల్సిందే. ఎవరో ఇచ్చిన పాత చొక్కా అయినా సరే, ఊడిన గుండీలు కుట్టి ఇస్త్రీ చేస్తే గానీ ఇంకొకరి చేతిలో పెట్టడు. ఒకరిని కొలత అడగడం ఆయనకు నామోషీ; గుమ్మంలో నిలబెట్టి ఓ చూపు చూస్తే చాలు. తన చొక్కా మోచేతి దగ్గర చిరిగిందని భార్య మూడు నెలలుగా దెప్పుతున్నా, "చూద్దాంలేవే" అంటాడు. ఆ శనివారం వీధి చివరి డ్రైవరు గుమ్మం దగ్గరే తచ్చాడాడు. పని పోయింది, సోమవారం ఇంటర్వ్యూ, ఉన్న ఒక్క మంచి చొక్కాకు కాలరు అరిగిపోయింది. ఊరికే తీసుకోవడానికి మాత్రం మనసొప్పడం లేదు.

"నాకేం వద్దు తాతా, ఊరికే ఇటొచ్చాను."

"వద్దులే నాయనా. అచ్చం నీ కొలతే ఉన్న ఒకాయన రావాలి. ఒక్క నిమిషం ఈ చొక్కా తొడుక్కో, కుట్టు సరిచూసుకుంటాను."

డ్రైవరు తొడుక్కున్నాడు. తాత అతణ్ణి అటు తిప్పి ఇటు తిప్పి, పిన్నులు పెట్టి, చేతులు కుదించి, చివరికి గోడ గడియారం చూశాడు. "ఇంక ఆయన రాడు. నువ్వే పట్టుకుపో."

మూడో శనివారం డ్రైవరు కొత్త యూనిఫాంలో, చంకలో పొట్లంతో వచ్చాడు. "తాతా, అచ్చం నీ కొలతే ఉన్న ఒకాయన రావాలి. ఒక్క నిమిషం ఈ చొక్కా తొడుక్కో."

తాత చప్పున చిరిగిన మోచేతిని అరచేత్తో కప్పుకున్నాడు. "ఆయన వస్తాడంటావా?"

"ఎందుకొస్తాడు తాతా? ఆయన సంగతి నీకు తెలీనిదా!"